సంచిని లోపలి నుంచి తిరగేసి చూడండి: ట్రెక్కింగ్ సామాన్లు ఇక్కడివా, విదేశాలవా?

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి చెప్పుకుందాం. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నారు. అక్టోబరులో స్నేహితులతో కర్ణాటకలోని కుమార పర్వత ఎక్కాలి, డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని మంచు కొండ కేదార్‌కంఠకు వెళ్లాలి. సామాన్లకు 25,000 రూపాయలు పక్కన పెట్టుకున్నారు. వచ్చే నెల మీ అన్నయ్య డాలస్ నుంచి వస్తున్నారు కాబట్టి బూట్లు, సంచి, రెయిన్‌కోటు అక్కడి నుంచే తెప్పించుకోవాలా, ఇక్కడ తయారైనవి కొనుక్కోవాలా అన్నది మీ సందేహం. ఒక స్నేహితుడు ఇక్కడి సరుకు కొండ మీద చేతికి ఊడివస్తుందన్నాడు. ఇంకొకరు మన డబ్బు మన దేశంలోనే ఉండాలన్నారు.

నేను బెంగళూరు వచ్చి ఇరవై రెండేళ్లయింది. పడమటి కనుమల్లో ఏటా నాలుగైదు కొండలు ఎక్కుతాను, హిమాలయాలకు ఏడుసార్లు వెళ్లాను. ఈ కాలంలో రెండు రకాల సామానూ కొన్నాను, రెండు రకాలూ పాడైపోవడం చూశాను. మీ స్నేహితులిద్దరూ ప్రేమతోనే చెప్పారు. అయితే ఇద్దరూ సంచి ముందు భాగం మీద ఉన్న పేరును చూసి మాట్లాడుతున్నారు. చూడవలసింది దాని లోపల. ఇది నాకు నేర్పింది ఏ పర్వతారోహకుడూ కాదు, మా ఇంటి పై వాటాలో ఉండిన ఒక అక్క.

ఆవిడది హిందూపురం. బొమ్మనహళ్లిలో ఒక గార్మెంట్స్ కర్మాగారంలో కుట్టు లైన్‌లో పనిచేసేవారు. 2012లో నేను పేరున్న విదేశీ కంపెనీ సంచి ఒకటి 11,000 రూపాయలు పెట్టి కొని, మెట్ల దగ్గర నిలబడి ఆవిడకు మురిపెంగా చూపించాను. ఆవిడ ముందు భాగం వైపు చూడనే లేదు. జిప్పు మొత్తం తెరిచి, దిండు గలీబును తిప్పినట్టు సంచిని లోపలి నుంచి బయటికి లాగేశారు. భుజం పట్టీ సంచికి కలిసే చోట బొటనవేలితో రెండు వైపులా తడిమారు. ఎడమ పట్టీ మొదట్లో అరంగుళం మేర దగ్గరదగ్గరగా, గట్టుకట్టినట్టు అడ్డకుట్టు ఉంది. కుడి వైపున మామూలు కుట్టే వేసి, ఒకసారి వెనక్కి కుట్టి వదిలేశారు. “ఇక్కడ బార్‌టాక్ వేశారు, ఇక్కడ మరిచిపోయారు. ముందు ఊడేది ఇదే” అన్నారు. ఆ తరువాత పక్క కుట్టులో నలిగి ఉన్న చిన్న తెల్ల పట్టీని వేళ్లతో సాగదీసి నాకు చూపించారు. దాని మీద మేడ్ ఇన్ ఇండియా అని ఉంది. “ఇది మాలాంటి వాళ్లు కుట్టిందే. సాయంత్రం టార్గెట్ ముగిసే వేళ కుట్టి ఉంటారు” అన్నారు.

రెండో ఏడాది వానాకాలంలో కుడి పట్టీయే ఊడింది.

ఆ రోజు నుంచి ఏ దుకాణానికి వెళ్లినా నేను చేసే మొదటి పని సంచిని తిరగేయడం. మీరూ చేయండి. దుకాణంలో అబ్బాయి వింతగా చూసినా పట్టించుకోకండి. భుజం పట్టీలు, నడుము పట్టీ, పైన పట్టుకుని ఎత్తే చిన్న ఉంగరం సంచితో కలిసే ప్రతి చోటా బార్‌టాక్ ఉండాలి, రెండు వైపులా ఒకేలా ఉండాలి. లోపలి కుట్ల అంచున గుడ్డ పోగులు బయటికి వేలాడకుండా పైపింగ్ పట్టీ చుట్టి ఉండాలి. అది లేకపోతే పోగులు నెమ్మదిగా విడిపోతాయి, ఒక రోజు కుట్టు బాగానే ఉన్నా గుడ్డ దానిలోంచి జారిపోతుంది. కుట్లు అంగుళానికి ఏడెనిమిది ఉంటే బరువు మోసే సంచికి సరిపోతాయి. మరీ దగ్గరగా ఉంటే గట్టిదనుకోకండి. సూది రంధ్రాలు ఎక్కువైతే తపాలా బిళ్ల అంచులాగా అక్కడే చిరుగుతుంది. ఇదీ అక్క చెప్పిందే. తరువాత జిప్పును తెరిచి మూసి, మూల తిరిగే చోట ఆగుతుందేమో చూడండి. నేను చూసిన సంచుల్లో గుడ్డ చిరిగి పోయినవాటి కన్నా జిప్పు చెడి పోయినవే ఎక్కువ. వైకేకే అని ముద్ర ఉన్న జిప్పు ఉంటే మనసు కొంత కుదుటపడుతుంది. అది జపాన్ కంపెనీ, ఇక్కడి సంచుల తయారీదారులు కూడా వాడతారు.

ఇప్పుడు ‘దేశీయం’, ‘విదేశీయం’ అన్న మాటలకు వద్దాం. ఒక వస్తువుకు సంబంధించి కనీసం నాలుగు చోట్లు ఉంటాయి: కంపెనీ ఎక్కడిది, గుడ్డ ఎక్కడ నేశారు, ఎక్కడ కుట్టారు, చెడిపోతే ఎక్కడ బాగుచేస్తారు. ఈ నాలుగూ ఒకే దేశంలో ఉండే వస్తువు నా దగ్గర దాదాపు లేదు. తిరుపతి జిల్లా తడ దగ్గర మాంబట్టులో అపాచీ అనే సంస్థ వేలమంది మహిళలతో అడిడాస్ బూట్లు తయారు చేయిస్తుంది. తమిళనాడులో ఆంబూరు, రాణిపేట, వాణియంబాడి తోలు పరిశ్రమ ఎన్నో ఏళ్లుగా యూరప్ కంపెనీలకు బూట్లు పంపుతోంది. అచ్యుతాపురంలోని బ్రాండిక్స్‌లో కుట్టే బట్టలు విదేశీ దుకాణాలకు వెళతాయి. మన తిరుపతి, అనకాపల్లి అమ్మాయిల చేతి పని విదేశీ పేరుతో అమ్ముడుపోతుంటే దాన్ని విదేశీ సరుకు అనడానికి నాకు మనసు ఒప్పదు. మరోవైపు, అచ్చంగా ఇక్కడి పేరుతో అమ్మే రెయిన్‌కోటు గుడ్డ తైవాన్ నుంచో చైనా నుంచో వచ్చి ఉండవచ్చు. నూలు విషయంలో మనకు ఎదురు లేదు. సూరత్‌లో పాలిస్టర్ కొండలా నేస్తారు. కానీ పలచగా, తేలికగా ఉండి నీటిని గట్టిగా ఆపే ప్రత్యేకమైన గుడ్డలకు మన తయారీదారులు ఇప్పటికీ ఎక్కువగా తూర్పు ఆసియా మీదే ఆధారపడుతున్నారు.

డెకథ్లాన్ సంగతి అడిగారు కాబట్టి ఒక మాట. అది క్రీడా సామాన్లు అమ్మే ఫ్రెంచి కంపెనీ. ఇక్కడ సర్జాపూర్ రోడ్డులో 2009లో మొదటి దుకాణం పెట్టినప్పుడు వ్యాపారులకు మాత్రమే అమ్మేది. తరువాత ఒకే బ్రాండు అమ్మే దుకాణాలకు నూరు శాతం విదేశీ పెట్టుబడిని 2012లో అనుమతించినప్పుడు, పెట్టుబడి 51 శాతం దాటితే కొనుగోళ్లలో 30 శాతం భారత్ నుంచే జరగాలని షరతు పెట్టారు. అందుకే అక్కడి అరల్లో ఒక సంచి మీద వియత్నాం అని, పక్కదాని మీద ఇండియా అని కనిపిస్తుంది. నేను అక్కడ కొన్న ఇండియా సంచి ఒకటి తొమ్మిదేళ్లు మోశాను. బెంగళూరులోనే 1990ల్లో టెంట్లు కుట్టడంతో మొదలైన వైల్డ్‌క్రాఫ్ట్ సంచులు కూడా మా బృందంలో సగం మందికి ఉన్నాయి. రెండు చోట్లా మంచివీ చూశాను, తిరగేసి చూసి అక్కడే పెట్టేసినవీ ఉన్నాయి.

తయారైన దేశం ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. దిగుమతి సరుకైతే ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, నెల, సంవత్సరం ఉండాలని 2011 నాటి తూనికలు, కొలతల శాఖ నిబంధనలే చెబుతున్నాయి. ఆన్‌లైన్ అమ్మకాల్లో కూడా తయారైన దేశం చూపించాలని 2020 నుంచి నియమం ఉంది. ఈ నెల, సంవత్సరం అన్న చిన్న ముద్రను ఎవరూ చదవరు. బూట్ల విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. కారణం చెబుతాను.

2014 నవంబరులో నేను కుమార పర్వతకు వెళ్లాను. కాళ్లకు మా పెదనాన్నగారి అబ్బాయి 2008లో అమెరికా నుంచి తెచ్చిన తోలు బూట్లు ఉన్నాయి. చాలా ఖరీదైనవి. నాలుగంటే నాలుగుసార్లు వేసుకుని, పాడవుతాయేమోనని విజయవాడలో మా ఇంటి బీరువాలో దాచుకున్నాను. బయటికి తీసినప్పుడు తోలు నిగనిగలాడుతోంది. ఆ దారిలోని శేషపర్వతం అనే శిఖరం నుంచి దిగుతుండగా కుడి బూటు అడుగు ముందు భాగం నోరు తెరిచింది. వంగి చూస్తే పైతోలుకీ కింది రబ్బరుకీ మధ్య ఉన్న మెత్తని పొర వేలు తగిలితే చాలు, పాతబడిన సున్నుండలాగా పొడిపొడిగా రాలిపోతోంది. అరగంట తరువాత ఎడమదీ అదే దారి పట్టింది. రెండింటినీ తాడుతో చుట్టి కట్టుకుని, జలగలు దూరుతుంటే దులుపుకుంటూ, కొండ దారిలో ట్రెక్కర్లు ఆగే భట్టర మనె అనే ఇల్లు చేరేసరికి చీకటి పడింది. అరికాళ్లు వారం రోజులు నేల మీద ఆనలేదు.

ఆ బూట్లు నకిలీవి కావు, కంపెనీ మోసమూ లేదు. ఆ మధ్య పొర పాలియురేథేన్. గాలిలోని తేమ దానిలోకి కొద్దికొద్దిగా ఇంకి, దాన్ని కలిపి ఉంచే రసాయన బంధాలను తెంచుతుంది. దీన్ని జలవిశ్లేషణ అంటారు. వేసుకున్నా వేసుకోకపోయినా తయారైన రోజు నుంచే అది మొదలవుతుంది. వేడి, తేమ ఉన్న చోట మరింత వేగంగా సాగుతుంది. కృష్ణా తీరపు బీరువా అలాంటి బూటుకు శత్రువు. కాబట్టి అమెరికాలో సగం ధరకు దొరికే పాత సరుకు కన్నా, డబ్బా మీద మొన్నటి నెల ముద్ర ఉన్న ఇక్కడి బూటు మీ ప్రాణానికి ఎక్కువ భద్రత. బూట్లు ఏ దేశానివైనా కొని దాచుకోకండి, వేసుకుని తిరగండి.

బూట్లను అన్నయ్యతో తెప్పించుకోవద్దనడానికి ఇంకో కారణం ఉంది. కొలతలు అక్కడో రకం, ఇక్కడో రకం. మనం మామూలుగా చూసేది బ్రిటిష్ కొలత. అమెరికాలో మగవారి 9 మనకు దాదాపు 8. అంకె సరిచేసుకున్నా వెడల్పు కుదరదు. చిన్నప్పటి నుంచి చెప్పులతో, ఉత్త కాళ్లతో తిరిగిన మనలో చాలామందికి పాదం ముందు భాగం విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. సన్నని మూసలో పోసిన బూటు వేసుకుంటే కొండ దిగేటప్పుడు చిటికెనవేలు బొబ్బలెక్కుతుంది, బొటనవేలి గోరు నల్లబడుతుంది. కుమార పర్వత ఎక్కడం కన్నా దిగడంలోనే కాళ్లను పరీక్షిస్తుంది. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మందపాటి మేజోళ్లు తొడుక్కుని దుకాణానికి వెళ్లండి. లేసులు బిగించి, ఏటవాలు మీద కిందికి పదిసార్లు నడవండి. వేళ్లు ముందుకు తగలకూడదు, మడమ పైకి లేవకూడదు. ఈ పరీక్షను డాలస్‌లో ఉన్న అన్నయ్య మీ బదులు చేయలేరు.

ధర కూడా ఆలోచించండి. 2020 బడ్జెట్‌లో పాదరక్షల దిగుమతి సుంకాన్ని 25 నుంచి 35 శాతానికి పెంచారు. 2024 నుంచి పాదరక్షలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నాణ్యతా నియమం వచ్చింది. ఆ రెండింటి బరువూ దుకాణంలో విదేశీ బూటు ధర మీద, దొరకడం మీద పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల వరకు ఉన్న జతకు జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. మీ 25,000లో ఆరేడు వేలు బూట్లకే కేటాయించండి. మిగతా వాటిలో ఎంత పొదుపు చేసినా ఫరవాలేదు, కాళ్ల దగ్గర మాత్రం వద్దు.

రెయిన్‌కోటు విషయంలో ఇక్కడి సరుకు వద్దన్న మీ స్నేహితుడి సలహాను నేను గట్టిగా కాదంటాను. గోర్‌టెక్స్ లాంటి పొర ఉన్న కోటు చాలా గొప్ప వస్తువు. బయటి వాన చుక్కను లోపలికి రానివ్వదు, లోపలి చెమట ఆవిరిని బయటికి పంపుతుంది. కానీ ఆ ఆవిరి బయటికి పోవాలంటే లోపల కన్నా బయట గాలి పొడిగా, చల్లగా ఉండాలి. వానాకాలం చివర కుమార పర్వత కింది కుక్కె అడవిలో గాలే నీళ్లతో నిండి ఉంటుంది, వెచ్చగానూ ఉంటుంది. అక్కడ ఆ ఆవిరికి పోయే దారి ఉండదు. ఇరవై వేల రూపాయల కోటులో ఉన్నవాడూ అరగంటలో చెమటతో తడిసిపోతాడు. నేను పదేళ్లుగా పడమటి కనుమల్లో ఆరేడు వందల రూపాయల పొంచోతోనే, అంటే తల మీదుగా వేసుకునే వదులైన వాన కప్పుతోనే, తిరుగుతున్నాను. సంచి మీదుగా కప్పుకోవచ్చు, పక్కల నుంచి గాలి ఆడుతుంది. ముళ్లకు చిరిగితే టేపు వేస్తాను. లోపలి సామాను తడవకుండా సంచి లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి ఒకటి పరచుకుంటే చాలు. సంచి మీద తొడిగే వాటర్‌ప్రూఫ్ కవర్లు గాలికి ఎగిరిపోతాయి.

మంచు కొండల్లో లెక్క మారుతుంది. అక్కడ పొడి చలిలో ఆ పొర బాగా పనిచేస్తుంది. మీరు ఏటా హిమాలయాలకు వెళ్లేవారైతే అన్నయ్యతో తెప్పించుకోదగిన వస్తువు అదొక్కటే అనేవాణ్ణి. అయితే కేదార్‌కంఠకు డిసెంబరులో సాధారణంగా పడేది వాన కాదు, మంచు. దానికి గాలిని ఆపే మామూలు జాకెట్ సరిపోతుంది.

చలి బట్టలకు తిరుపూరు, లూధియానా ఉండగా అమెరికా వైపు చూడవలసిన పని లేదు. లోపల వేసుకునేది నూలుది కాకూడదు. నూలు చెమటను పీల్చుకుని ఒంటికి అంటుకుంటుంది, ఆరదు. 12,500 అడుగుల ఎత్తులో తెల్లవారుజామున తడి బనీను ఒంటి వేడిని లాగేస్తుంది. పాలిస్టర్‌దో ఉన్నిదో రెండు జతలు, దాని మీద ఫ్లీసు, దాని మీద కృత్రిమ దూది నింపినదో ఈకలు నింపినదో జాకెట్. పలచని పొరలు నాలుగు వేసుకుంటే ఎక్కేటప్పుడు ఒక్కొక్కటీ తీసేయవచ్చు.

టెంటు కొనకండి. కేదార్‌కంఠకు తీసుకువెళ్లే సంస్థలు మామూలుగా టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు ఇస్తాయి. కుమార పర్వతకు అటవీ శాఖ నిబంధనల ప్రకారం వెళ్లి రావాలి, అక్కడా దాని అవసరం లేదు.

స్లీపింగ్ బ్యాగ్ విషయంలో మాత్రం ఇక్కడి తయారీదారుల మీద నాకు నిజమైన ఫిర్యాదు ఉంది, దాన్ని దాచను. ఐఎస్‌ఓ 23537 అని ఒక ప్రమాణం ఉంది. వేడి పుట్టించే బొమ్మను సంచిలో పడుకోబెట్టి కొలుస్తారు. సౌకర్యంగా నిద్రపట్టే ఉష్ణోగ్రత, తట్టుకోగల హద్దు, ప్రాణం మాత్రమే నిలిచే తీవ్ర స్థితి అని మూడు అంకెలు వేరువేరుగా ఇస్తారు. మొదటిది సగటు స్త్రీని, రెండోది సగటు పురుషుడిని దృష్టిలో పెట్టుకున్నవి. ఇక్కడ అమ్మే చాలా సంచుల మీద మైనస్ 10 అని ఒకే అంకె ఉంటుంది. అది ఏ అంకె, ఎవరు కొలిచారు అన్నది రాసి ఉండదు. నేను అలాంటి ఒక మైనస్ 10ని నమ్ముకుని హిమాచల్‌లోని హంప్టా కనుమ దారిలో సున్నా దగ్గరే రాత్రంతా మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని కూర్చున్నాను. మన కుట్టేవాళ్ల చేతిలో లోపం లేదు. కొలిపించడానికి అయ్యే ఖర్చు పెట్టకుండా అంకె ముద్రించుకునే కంపెనీ యజమానులది లోపం. మూడు అంకెలూ విడిగా ఉన్నదే కొనండి. అది ఇండియాలో కుట్టినదైతే ఇంకా సంతోషం.

రామనగర, సావనదుర్గలలో రాతి మీద ఎక్కడం నేర్చుకోవాలని కూడా ఉందన్నారు. ఆ పని మొదలైతే నా మాట పూర్తిగా మారుతుంది. తాడు, హార్నెస్ (నడుముకు, తొడలకు బిగించుకునే పట్టీలు), కారబైనర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం), హెల్మెట్ ఏ దేశానివన్న ప్రశ్నే వద్దు. తాడుకు యూరప్ ప్రమాణం ఈఎన్ 892, హార్నెస్‌కు ఈఎన్ 12277, కారబైనర్‌కు ఈఎన్ 12275, హెల్మెట్‌కు ఈఎన్ 12492 అన్న అంకె, లేదా పర్వతారోహణ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య యూఐఏఏ ముద్ర ఉందో లేదో మాత్రమే చూడండి. కారబైనర్ వెన్ను మీద ఎన్ని కిలోన్యూటన్ల బలం తట్టుకుంటుందో చెక్కి ఉంటుంది. తాళాలగుత్తికి తగిలించే బొమ్మ కారబైనర్లు కూడా అదే ఆకారంలో దొరుకుతాయి. ఎవరో వాడి ఇచ్చిన తాడు అన్నదమ్ములదైనా తీసుకోకండి. అది ఎన్ని పతనాలు ఆపిందో తాడు చెప్పదు.

ఇక బాగుచేయడం. ఇక్కడి సరుకు వైపు నా మనసు మొగ్గడానికి అసలు కారణం ఇదే. విదేశీ కంపెనీలు జీవితకాలం హామీ అంటాయి, కొన్ని నిజంగా నిలబెట్టుకుంటాయి కూడా. కానీ అమెరికాలో కొన్న సంచి బకిల్ విరిగితే దాన్ని మళ్లీ ఆ దేశానికే పంపాలి. పంపే ఖర్చు, తిరిగి వచ్చేటప్పుడు సుంకం, ఈ మధ్యలో రెండు నెలలు. నా 11,000 రూపాయల సంచి పట్టీ ఊడినప్పుడు ఇక్కడి దుకాణంవాళ్లు ఆ మోడల్ ఆగిపోయింది, ఏమీ చేయలేమన్నారు. చివరికి జయనగర్‌లో రోడ్డు పక్కన చెట్టు కింద కూర్చునే ఒక సంచుల రిపేరు పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన ఊడిన చోట ముందు ఒక తోలు ముక్క లోపల వేసి, మైనం రాసిన నైలాన్ దారంతో రెండు సూదులు ఎదురెదురుగా దూర్చి చేత్తో కుట్టారు. ప్రతి కుట్టుకూ దారాన్ని రెండు చేతులతో లాగి బిగించారు. 150 రూపాయలు తీసుకున్నారు. సంచి గుడ్డ చివికిపోయింది గానీ ఆ కుట్టు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

కొనేముందు దుకాణంలో ఈ ప్రశ్న అడగండి: బకిల్ విరిగితే ఇదే బకిల్ విడిగా ఇస్తారా, జిప్పు రన్నరు మార్చే ఏర్పాటు మీ దగ్గర ఉందా, ఎన్ని రోజులు పడుతుంది? సూటిగా జవాబు చెప్పిన చోట వెయ్యి రూపాయలు ఎక్కువైనా అక్కడే కొంటాను. అది ఇక్కడి కంపెనీ అయి, ఇల్లు దాటి ఒక బస్సు దూరంలో ఉంటే నాకు వేరే హామీ పత్రం అక్కరలేదు.

మన డబ్బు మన దేశంలో ఉండాలన్న మీ మిత్రుడి మాటను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ ఆ మాట కుట్టిన చేతుల దాకా వెళ్లాలి. భవిష్యనిధి సొమ్ము వెనక్కి తీసుకోవడం మీద కేంద్రం పెట్టిన కొత్త ఆంక్షకు నిరసనగా 2016 ఏప్రిల్‌లో ఈ ఊరి గార్మెంట్స్ మహిళలు వేలాదిగా బొమ్మనహళ్లి దగ్గర హోసూరు రోడ్డు మీదికి వచ్చారు. రెండో రోజుకు ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. మా పై వాటా అక్క కూడా ఆ గుంపులో ఉన్నారు. వాళ్లు కుట్టే బట్టల్లో ఎక్కువ భాగం ఓడలెక్కి వెళ్లిపోతాయి. కాబట్టి దేశీయమైన పేరు చూసి మురిసిపోయే ముందు, ఆ కంపెనీ సరుకు ఎక్కడ కుట్టిస్తోందో అడగండి. చైనాలో కుట్టించి ఇక్కడ పేరు మాత్రమే అతికించే కంపెనీ కన్నా, ఫ్రెంచి పేరుతో ఇక్కడి అక్కలకు పని ఇచ్చే కంపెనీ సంచి కొనడం నాకు న్యాయంగా తోస్తుంది. ఇక్కడే రూపొందించి, ఇక్కడే కుట్టించి, ఇక్కడే బాగుచేసే చిన్న తయారీదారు దొరికితే మొదటి ఓటు ఆయనకే. ఆయన గుడ్డ దిగుమతి చేసుకున్నదైనా నాకు అభ్యంతరం లేదు.

ఇక అన్నయ్యకు ఏం చెప్పాలి? తలకు పెట్టుకునే టార్చి మంచిది ఒకటి తెమ్మనండి. ఛార్జింగుతో పాటు మామూలు సన్న బ్యాటరీలతో కూడా వెలిగేది అయితే కేదార్‌కంఠ ఎక్కడం మొదలుపెట్టే సాంక్రి ఊళ్లో చిన్న కొట్టులో కూడా బ్యాటరీలు దొరుకుతాయి. మంచి ఉన్ని మేజోళ్లు రెండు జతలు, అవి ఎవరి కాలికైనా సాగుతాయి, బరువూ ఉండదు. స్టవ్వు తెస్తానంటే వద్దనండి. దాని గ్యాస్ డబ్బాను విమానంలో చేతి సామానులోనూ, కింద వేసే సామానులోనూ తీసుకురానివ్వరు, పైగా ఇక్కడి అడవుల్లో మంట వెలిగించనివ్వరు. ఇంతకు మించి ఆయన పెట్టె నింపకండి. ఇంటికి వచ్చేవాళ్ల పెట్టెలో అమ్మకు, నాన్నకు తెచ్చే వాటికీ చోటుండాలి కదా.

సంచి నలభై, నలభై అయిదు లీటర్లది చాలు. అయిదు వేల లోపు ఇక్కడ కుట్టినవే మంచివి దొరుకుతాయి. నడుము పట్టీ తుంటి ఎముక మీద కూర్చోవాలి, బరువంతా భుజాల మీద పడకూడదు. దుకాణంలో ఖాళీ సంచి వేసుకుని చూస్తే అన్నీ బాగానే అనిపిస్తాయి. ఇంటి నుంచి రెండు లీటర్ల నీళ్ల సీసాలు నాలుగు తీసుకువెళ్లి, లోపల పెట్టి, దుకాణంలోనే పావుగంట తిరగండి.

బిల్లు జాగ్రత్తగా పెట్టుకోండి, బూట్ల డబ్బా పారేయకండి. అక్టోబరు దాకా ప్రతి శని, ఆదివారాలు అవే బూట్లు, అదే సంచి, అవే ఎనిమిది లీటర్ల నీళ్లతో లాల్‌బాగ్ బండ ఎక్కి దిగండి. నాలుగో వారానికి చిటికెనవేలు ఎర్రబడినా, పట్టీ మొదట్లో దారం ఒక్క పోగు లేచినా, బిల్లు తీసుకుని నేరుగా దుకాణానికి వెళ్లండి.